బ్యాలెట్ అడుగున ఉండే జడ్జీల పేర్లు: మీరు ఎలా ఓటేస్తున్నారు?

గోదారి_అమ్మాయి (కేటీ, టెక్సాస్)

అందరికీ నమస్కారం. సిటిజన్‌షిప్ వచ్చాక 2024 నవంబర్‌లో మొదటిసారి ఓటేశాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మనసులో ఏదో వెలితి. ప్రెసిడెంట్, సెనేట్, కాంగ్రెస్ వరకూ చకచకా అయిపోయింది. తర్వాత స్క్రీన్ మీద జడ్జీల పేర్లు మొదలయ్యాయి. ఫలానా నంబరు డిస్ట్రిక్ట్ కోర్టు, ఫలానా అప్పీల్ కోర్టు, పేజీ మీద పేజీ వస్తూనే ఉంది. ఒక్క పేరూ తెలీదు. నా వెనక ఒక పెద్దావిడ చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉంది. ఆవిణ్ణి ఆపేస్తున్నానన్న టెన్షన్‌లో, ఆడవాళ్ల పేరులా అనిపించిన చోటల్లా నొక్కేశాను. కొన్ని ఖాళీగా వదిలేశాను. బయటికొచ్చి స్టిక్కర్ అంటించుకుని ఫొటో దిగాను కానీ, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మా నాన్న రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు వకీలు గుమాస్తాగా చేశారు. జడ్జిగారు హాల్లోకి వస్తుంటే డవాలి బంట్రోతు ముందు నడవడం, అందరూ లేచి నిలబడడం నేను చిన్నప్పుడు చూశాను. ఇక్కడ జడ్జీలు ఇంటింటికీ కరపత్రాలు పంపి ఓట్లు అడుగుతారని ఫోన్లో చెబితే నాన్న నమ్మలేదు. "చందా ఇచ్చినవాడి కేసే తన ముందుకొస్తే ఆ జడ్జి ఏం చేస్తాడమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ మార్చి ప్రైమరీ (పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే తొలి ఎన్నిక) వస్తోంది. అసలు జడ్జిని ఓటుతో ఎన్నుకోవడం న్యాయమేనా? పేరు చూసి, ఆడవాళ్లనో మన ఆసియా వాళ్లనో ఎంచుకోవడం తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీను_షుగర్‌ల్యాండ్

అమ్మాయ్, ముందు ఒక మాట. నీ ఒక్కదానికే ఇలా అయిందనుకోకు. నేను ఇరవై ఏళ్లుగా ఓటేస్తున్నాను. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ బ్యాలెట్ దేశంలోనే బాగా పొడవైన వాటిలో ఒకటి. 2018లో నేను అక్కడే ఉండేవాణ్ణి. అప్పుడు మెషీన్‌కి ఒక చక్రం ఉండేది, దాన్ని తిప్పుకుంటూ పేరు మీదికి వెళ్లి బటన్ నొక్కాలి. జడ్జీల పేర్లు అయ్యేసరికి వేలు నొప్పెట్టింది. చాలామంది ఆ బాధ లేకుండా మొదట్లోనే పార్టీ పేరు మీద ఒక్క నొక్కు నొక్కి వచ్చేసేవాళ్లు. అలా ఒక్క నొక్కుతో మొత్తం పార్టీకి వేసే పద్ధతిని టెక్సాస్ 2020 నుంచి తీసేసింది.

ఆ 2018లోనే హ్యారిస్‌లో ఒకేసారి 17 మంది నల్లజాతి మహిళలు జడ్జీలుగా గెలిచారు. పోటీ చేసింది 19 మంది. వాళ్లంతా కలిసి కోర్టు హాల్లో దిగిన ఫొటో దేశమంతా తిరిగింది. నా కూతురు అప్పుడు హైస్కూల్లో ఉంది, ఆ ఫొటో తన గది తలుపుకి అంటించుకుంది.

ఇక పక్కనే ఉన్న మా ఫోర్ట్ బెండ్ కౌంటీ సంగతి. కేరళ నుంచి వచ్చిన జూలీ మాథ్యూ 2018లో గెలిచారు. 2022లో సురేంద్రన్ పట్టేల్ 240వ డిస్ట్రిక్ట్ కోర్టుకి గెలిచారు. ఆయన కాసరగోడ్‌లో చిన్నప్పుడు బీడీలు చుట్టి చదువుకున్న మనిషి. భార్య నర్సు ఉద్యోగం మీద వస్తే 2007లో ఇక్కడికొచ్చారు. ప్రచారంలో తన యాసని ఎగతాళి చేశారని ఆయనే చెప్పారు. ఏ గవర్నరో నియమించాలంటే ఆయన పేరు ఆ జాబితాలోకి ఎప్పటికి చేరేదంటావు? అందుకే నేను ఎన్నికల పక్షం.

నాగరాజు_డల్లాస్

శ్రీను అన్నా, మీరు ఒక వైపే చెప్పారు. ఆ 2018లోనే హ్యారిస్‌లో జడ్జీల పోటీలు దాదాపు అన్నీ ఒకే పార్టీ ఊడ్చేసింది. ఓడినవాళ్లలో ఎన్నో ఏళ్లుగా బాగా పనిచేస్తున్న జడ్జీలు కూడా ఉన్నారు. వాళ్ల తీర్పులు బాగాలేవనా ఓడింది? కాదు, పేరు పక్కన ఉన్న పార్టీ అక్షరం వల్ల, అంతే. 2024లో గాలి మళ్లితే హ్యారిస్‌లో కొన్ని సీట్లు ఇటు నుంచి అటు పోయాయి.

ఈ మాట అన్నది నేనొక్కణ్ణే కాదు. వాలెస్ జెఫర్సన్ అని టెక్సాస్ సుప్రీంకోర్టుకి మొదటి నల్లజాతి న్యాయమూర్తి. ఆయన పూర్వీకుడొకరు వేకో ఊళ్లో ఒక జడ్జి దగ్గర బానిస. అలాంటి ఇంటి నుంచి వచ్చి 2004 నుంచి 2013 దాకా ఆ రాష్ట్రానికే ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ కుర్చీలో ఉండగానే శాసనసభ ముందు నిలబడి, పార్టీ గుర్తు మీద జడ్జీల ఎన్నిక మానేయండి అని అడిగారు. ఇంకో విషయం, 2001లో ఆయన్ని ఆ కోర్టులోకి తెచ్చింది ఓటు కాదు, గవర్నర్ నియామకం. ఎన్నికల్లో నిలబడ్డది ఆ తర్వాత.

రమ_ఓరుగల్లు (కాలిఫోర్నియా)

నేను అప్పుడప్పుడు ఫ్యామిలీ కోర్టుల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తాను. కోర్టు పేరు, మనుషుల పేర్లు చెప్పను, వివరాలు కూడా కొంచెం మార్చే రాస్తున్నాను.

ఒక అమ్మాయి విడాకుల కేసు. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం అత్తగారి లాకర్లో ఉండిపోయింది, అది ఇప్పించమని అడుగుతోంది. జడ్జి మంచాయనే. కానీ ఆయనకి ఒకటే అనుమానం. "నీ నగలు నీ దగ్గర కాకుండా అతని తల్లి దగ్గర ఎందుకున్నాయి? నువ్వే ఇచ్చేశావా?" అని మూడుసార్లు అడిగారు. ఆ అమ్మాయి "ఇంట్లో పెద్దావిడ కదండీ, దాచి పెడతానన్నారు" అంటుంది. నేను దాన్ని ఇంగ్లీషులో పెడితే, తనే ఇష్టపడి ఇచ్చినట్టు వినిపిస్తోంది. నేను దుబాసీని, నా సొంత వివరణ కలపకూడదు. నాకు చెమటలు పట్టేశాయి. అరగంట ఆ ఒక్క ముక్క దగ్గరే గడిచింది.

ఇంకోసారి వేరే అమ్మాయి "చేయి చేసుకున్నాడు" అంది. కొట్టాడని చెప్పాను. జడ్జి అక్కడ ఆగి, "ఆమె వాడిన మాటకి అర్థం చెంపదెబ్బా, అంతకంటే ఎక్కువా? ఆమెనే అడగండి" అన్నారు. అడిగితే ఆ అమ్మాయి మెల్లగా చున్నీ జరిపి భుజం చూపించింది. ఆ జడ్జి డెబ్బై దగ్గర పడ్డ తెల్లాయన. కాబట్టి మనవాళ్లైతేనే అర్థం చేసుకుంటారని నేను అనను. కానీ మొదటి కేసులో ఆ అరగంట ఆ పిల్ల ముఖం చూసినదాన్ని, బెంచి మీద రకరకాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉండాలని గట్టిగా నమ్ముతాను.

మా కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. 2024 మేలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టుకి బాడిగ జయ గారిని గవర్నర్ నియమించారు. విజయవాడలో పుట్టి, హైదరాబాద్‌లో చదువుకుని, ఇక్కడ లా చేసి, కుటుంబ కేసుల్లో పేరు తెచ్చుకున్నారు. జడ్జి కాకముందు అదే కోర్టులో కేసులు వినే కమిషనర్. ప్రమాణం రోజున ఆవిడ నోట తెలుగు మాట విని మా ఇంట్లో అందరం ఆ వీడియో నాలుగుసార్లు చూశాం. ఇలా ఖాళీల్లో గవర్నర్ నియమించినవాళ్లు కూడా తర్వాత ఎన్నికకు నిలబడాలి. పార్టీ పేరు ఉండదు. ఎవరూ పోటీకి రాకపోతే వాళ్ల పేరు బ్యాలెట్ మీదకే రాదు.

శ్రీను_షుగర్‌ల్యాండ్

రమ గారూ, "దాచి పెడతానన్నారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయానండి. మా అక్క సంగతి సరిగ్గా ఇదే. కోర్టు దాకా వెళ్లలేదు గానీ, ఆ గాజులు ఇప్పటికీ రాలేదు.

లా_విద్యార్థి_కిరణ్ (న్యూ ఆర్లియన్స్)

అన్నలూ, మీరిద్దరూ ఎన్నికా, నియామకమా అని ఆగిపోతున్నారు. ఎన్నిక అయితే ఏ గీత లోపల ఎన్నిక అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మా లూసియానా కథ వినండి.

ఇక్కడ సుప్రీంకోర్టుకి ఏడుగురు జడ్జీలు, జిల్లాలవారీగా ఎన్నికవుతారు. ఒకప్పుడు ఒక్క మొదటి జిల్లా నుంచి మాత్రం ఇద్దరు. నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూ ఆర్లియన్స్‌ని, తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న చుట్టుపక్కల పారిష్‌లతో కలిపి ఆ జిల్లా చేశారు. మా దగ్గర కౌంటీని పారిష్ అంటారు. దాంతో ఊరంతా ఒక్కటై ఓటేసినా వాళ్లకి కావలసిన మనిషి గెలవడు. రొనాల్డ్ చిజమ్ మొదలైనవాళ్లు కోర్టుకెళ్లారు. దిగువ అప్పీల్ కోర్టు ఏమందంటే, జాతి చూసి ఓటు బలం తగ్గించకూడదనే ఓటింగ్ హక్కుల చట్టంలో ఉన్నది 'ప్రతినిధులు' అనే మాట, జడ్జి ఎవరికీ ప్రతినిధి కాడు, కాబట్టి ఆ చట్టం జడ్జీల ఎన్నికకి వర్తించదు అని. 1991లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో దాన్ని కొట్టేసింది. జనం ఓటేసి ఎన్నుకుంటున్నారంటే ఆ చట్టం వర్తిస్తుందంది. అదే రోజు మీ టెక్సాస్ కేసులోనూ ఇదే తీర్పు. హ్యూస్టన్ నల్లజాతి లాయర్ల సంఘం సుప్రీంకోర్టు దాకా తెచ్చిన కేసు అది.

తర్వాత రాజీలో న్యూ ఆర్లియన్స్‌కి సొంతంగా ఒక తాత్కాలిక సీటు దొరికింది. 1992లో రెవియస్ ఆర్టీక్ గెలిచి, ఆ కోర్టుకి ఎన్నికైన మొదటి నల్లజాతి జడ్జి అయ్యారు. 1994లో బర్నెట్ జాన్సన్ వచ్చారు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2012లో, ప్రధాన న్యాయమూర్తి పదవి సీనియారిటీ ప్రకారం ఆమెకి రావాలి. అప్పుడు మెలిక పెట్టారు. మొదట్లో మీరు కూర్చున్నది రాజీ ప్రకారం ఏర్పాటైన తాత్కాలిక సీటు, ఆ ఏళ్లు లెక్కలోకి రావు అని. ఆమె మళ్లీ కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. చివరికి లెక్క తేలి, 2013లో లూసియానాకి మొదటి నల్లజాతి ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. ఓటుతో బెంచి ఎక్కిన మనిషి కూడా తన ఏళ్లు తానే లెక్కపెట్టి నిరూపించుకోవాల్సి వచ్చింది. నేను క్లాసులో ఇది చదివిన రోజు ఆ కోర్టు భవనం దాకా నడిచి వెళ్లి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

మూర్తి_మిల్వాకీ

గోదారి అమ్మాయి నాన్నగారి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ప్రయత్నిస్తాను.

వెస్ట్ వర్జీనియాలో హ్యూ కేపర్టన్ అని చిన్న బొగ్గు కంపెనీ యజమాని. మ్యాసీ అనే పెద్ద బొగ్గు కంపెనీ తనని ముంచిందని కేసు వేస్తే, జ్యూరీ 2002లో ఆయనకి 5 కోట్ల డాలర్లు ఇమ్మంది. అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్లాలి. ఈలోగా 2004లో ఆ కోర్టుకి ఎన్నిక వచ్చింది. మ్యాసీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ సుమారు 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి, అప్పటి జడ్జి ఓడి బ్రెంట్ బెంజమిన్ అనే లాయర్ గెలిచేలా చూశాడు. తర్వాత అదే బెంజమిన్ ఆ అప్పీలు విన్నారు. తప్పుకోమంటే తప్పుకోలేదు. 3-2తో మ్యాసీ గెలిచింది. 2009లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో, ఆయన ఆ కేసు వినకుండా ఉండాల్సింది అని చెప్పింది. ఒక్క ఓటు తేడా చూడండి. మీ నాన్నగారు రాజమండ్రిలో కూర్చుని అడిగిన ప్రశ్న మీద ఇక్కడ తొమ్మిదిమందిలో నలుగురు వేరేగా అనుకున్నారు.

మా విస్కాన్సిన్‌లో జడ్జి పేరు పక్కన పార్టీ ఉండదు. ఉండకపోతే ఏమిటి? 2025 ఏప్రిల్‌లో సూసన్ క్రాఫర్డ్, బ్రాడ్ షిమెల్ మధ్య ఒక్క సుప్రీంకోర్టు సీటు కోసం రెండు వైపులా కలిపి దాదాపు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఎలాన్ మస్క్ వచ్చి ఓటర్లకి పది లక్షల డాలర్ల చెక్కులు పంచాడు. ఆ నెల రోజులు మా ఇంట్లో టీవీ పెట్టాలంటే విసుగొచ్చింది. క్రాఫర్డ్ పది శాతం దాకా తేడాతో గెలిచారు. గెలిచింది ఎవరన్నది పక్కన పెట్టండి. అంత డబ్బు దిగే చోట, మొదటి తరం నుంచి వచ్చిన ఒక లాయరమ్మాయి నిలబడగలదా? పెద్ద సీట్లలో బెంచి ఎవరితో నిండుతుందో డబ్బే నిర్ణయిస్తుందని నా భయం.

నాగరాజు_డల్లాస్

మూర్తిగారు చెప్పినదే నా బాధ కూడా. ఇంకొకటి కలుపుతాను. అయోవాలో 2009లో స్వలింగ వివాహాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు ఏడుగురూ ఒకే మాటగా తీర్పిచ్చారు. 2010లో వాళ్లలో ముగ్గురు, పదవిలో కొనసాగాలా వద్దా అన్న ఓటుకి వస్తే ముగ్గురినీ జనం దించేశారు. అందులో ఒకరు మార్షా టెర్నస్, ఆ కోర్టుకి మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి. కాలిఫోర్నియాలో 1986లోనూ ఇదే. రోజ్ బర్డ్, అక్కడ మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి. ఆమెతో పాటు క్రూజ్ రెనోసో, ఆ కోర్టుకి మొదటి లాటినో జడ్జి. మరణశిక్షలు రద్దు చేస్తున్నారని జనానికి కోపం వచ్చి, ఇంకొకరితో కలిపి ముగ్గురినీ ఇంటికి పంపారు. ఈ రెండుచోట్లా పదవిలోకి తెచ్చింది గవర్నర్లు, దించింది ఓటు.

లా_విద్యార్థి_కిరణ్

నాగరాజన్నా, దీనికి ఎదురు ఉదాహరణలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఒక రాష్ట్ర సుప్రీంకోర్టుకి మొదటి మహిళ ఫ్లోరెన్స్ ఆలెన్, ఒహాయోలో, 1922లో. ఆమెని ఎన్నుకున్నది జనం. ఆడవాళ్లకి దేశమంతటా ఓటు వచ్చి అప్పటికి రెండేళ్లే.

మీ టెక్సాస్‌లో ఇంకా చిత్రమైనది జరిగింది. 1925లో ఒక సంఘం మీద కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. రాష్ట్రంలో పేరున్న మగ లాయర్లలో చాలామంది ఆ సంఘంలో సభ్యులే, జడ్జీలతో సహా. కేసు వినడానికి మగవాళ్లు దొరక్క గవర్నర్ ముగ్గురు ఆడ లాయర్లని ప్రత్యేక సుప్రీంకోర్టుగా కూర్చోబెట్టారు. హార్టెన్స్ వార్డ్ దానికి పెద్ద. ఆ ఒక్క కేసూ అయిపోయాక ముగ్గురూ ఇంటికెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ కోర్టులో మళ్లీ ఆడ జడ్జి కనపడింది 1982లో, అదీ నియామకంతోనే. ఓటుతో గెలిచిన మొదటి మహిళ రోజ్ స్పెక్టర్, 1992లో.

రమ_ఓరుగల్లు

1982 అంటే గుర్తొచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా న్యాయమూర్తి అమరేశ్వరి గారు 1978లో వచ్చారు. కేరళలో అన్నా చాందీ గారైతే 1959లోనే. అక్కడ కింది కోర్టుకి పరీక్ష రాసి వెళ్తారు. అందుకే మా పెద్దనాన్న కూతురు లాంటి ఊరి పిల్ల కూడా జూనియర్ సివిల్ జడ్జి కాగలిగింది. పై కోర్టుకి వెళ్లేసరికి ఎవరు ఎవరిని ఎందుకు ఎంచుకుంటారో బయటివాళ్లకి తెలీదు. తెలంగాణ హైకోర్టుకి మహిళ ప్రధాన న్యాయమూర్తిగా రావడం 2021లో హిమా కోహ్లీ గారితోనే మొదలు. ఏ పద్ధతైనా తలుపు ఎవరి చేతిలో ఉందో అడగాలి.

వెంకట్_బేటౌన్

నేను ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా బావమరిది గ్యాస్ స్టేషన్‌లో రెండేళ్ల క్రితం దొంగతనం జరిగింది. పట్టుబడినవాడు బెయిలు మీద రెండు రోజుల్లో బయటికొచ్చాడు. అప్పట్నుంచి ఈ కొత్త జడ్జీల పేరెత్తితే మా ఇంట్లో కోపాలు. నేనూ అలాగే ఉండేవాణ్ణి.

తర్వాత మరాండా ఓడానెల్ కేసు గురించి చదివాను. 2016లో హ్యారిస్ కౌంటీలో, చెల్లని లైసెన్సుతో బండి నడిపిందని ఆమెని లోపల వేశారు. నాలుగేళ్ల పాప తల్లి. బెయిలు 2,500 డాలర్లు. అది కట్టలేక జైల్లో ఉండిపోయింది. అదే డబ్బున్నవాళ్లు అలాంటి కేసులో గంటల్లో ఇంటికి. ఫెడరల్ కోర్టు 2017లో ఈ పద్ధతి తప్పంది. అప్పటి జడ్జీల్లో ఎక్కువమంది ఆ కేసు మీద పోరాడుతూనే వచ్చారు. 2018లో గెలిచిన కొత్తవాళ్లు వచ్చాక 2019లో రాజీ కుదిరింది. అదీ చిన్న నేరాల వరకే. మా బావమరిది కేసు పెద్ద నేరం కిందికి వస్తుంది, దానికీ దీనికీ సంబంధమే లేదు. అది తెలీకుండా ఆరు నెలలు ఎవరినో తిట్టుకున్నాను. అందుకే చెల్లెమ్మా, ముందు ఏ కోర్టు ఏ కేసులు వింటుందో తెలుసుకో. ఓటు తర్వాత.

శ్రీను_షుగర్‌ల్యాండ్

వెంకట్ మాట అక్షరాలా నిజం. అమ్మాయి కోసం కొన్ని సంగతులు.

బ్యాలెట్‌లో 'కౌంటీ జడ్జి' అని కనపడితే అది మన కలెక్టర్ లాంటి పాలన పదవి. హ్యారిస్‌లో దాదాపుగా కేసులు వినే పని ఉండదు. ఆ పేరు చూసి మోసపోకు. ఇల్లు ఖాళీ చేయించే కేసులు, చిన్న బాకీలు 'జస్టిస్ ఆఫ్ ది పీస్' దగ్గరికి వెళ్తాయి. ఆ పదవికి లాయర్ అయ్యుండాల్సిన పని కూడా లేదు. అద్దె ఇంట్లో ఉండే మనవాళ్లకి నిజంగా ఎదురయ్యేది ఆ కోర్టే, కానీ అందరూ వదిలేసేది కూడా దాన్నే.

ఒక పార్టీ బలంగా ఉన్నచోట ఎవరు జడ్జి అన్నది మార్చిలోనే తేలిపోతుంది. టెక్సాస్‌లో ముందుగా పార్టీ పేరుతో నమోదు అక్కర్లేదు, ఏ ప్రైమరీలో ఓటేస్తావో ఆ రోజు చెబితే చాలు. ఒక్కదానిలోనే వెయ్యాలి. బూత్ లోపల ఫోన్ వాడనివ్వరు, కాగితం మీద రాసుకుని వెళ్లొచ్చు. హ్యూస్టన్ బార్ అసోసియేషన్ లాయర్ల చేత జడ్జీల మీద పోల్ చేయిస్తుంది. లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే సంస్థ అభ్యర్థులకి ప్రశ్నలు పంపి, వాళ్ల జవాబులు అచ్చేస్తుంది. మేం ఇంట్లో ఆ రెండూ ముందేసుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటాం. మా ఆవిడ పేర్లు చదువుతుంది, నేను రాస్తాను. రెండు గంటలు పడుతుంది.

పేరు చూసి వెయ్యడం తప్పా అన్నావు. మొత్తం ఖాళీగా వదిలేయడం కంటే నయం అంటాను గానీ, సరిపోదు.

గోదారి_అమ్మాయి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రమ అక్కా, మీరు రాసిన బంగారం సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. మా అత్తగారు పక్కగదిలో వింటున్నారు. సాయంత్రం బీరువా తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏమీ మాట్లాడలేదు.

నాన్నకి కేపర్టన్ కేసు మొత్తం చెప్పాను మూర్తి గారూ. "నలుగురు ఒప్పుకోలేదా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత, నువ్వు ఓటేసే ముందు ఆ జడ్జి కోర్టులో ఒక పూట కూర్చుని చూసి రా అన్నారు. "పేదవాడు మాట్లాడుతుంటే తల ఎత్తి చూస్తాడా, కాగితాలు తిరగేస్తాడా, అది చూడు చాలు" అన్నారు. ఇక్కడ ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చట కదా. వచ్చే గురువారం సెలవు పెట్టాను. మా ఇంటి దగ్గరి జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో ఇళ్లు ఖాళీ చేయించే కేసులు పొద్దున్న తొమ్మిదింటికి మొదలవుతాయని ఫోన్ చేస్తే చెప్పారు. ఒక్కదాన్నే వెళ్లాలంటే కొంచెం బెరుగ్గా ఉంది. కేటీ వైపు ఎవరైనా వస్తారా?

వెంకట్_బేటౌన్

నాకు దూరమే, కానీ వస్తాను చెల్లెమ్మా. మా బావమరిదిని కూడా తీసుకొస్తాను. ఎనిమిదిన్నరకి గేటు దగ్గర ఉంటాం. సెక్యూరిటీ దగ్గర లైను ఉంటుంది, బ్యాగు చిన్నది తెచ్చుకో.